పన్నెండేళ్లు దాటిన కారు, నూటికి రెండు రూపాయల అప్పు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఏటిగట్టు కింద ఉన్న లంక గ్రామం. ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుడిని. జీతం రూ.46,000. ఇంటి ఖర్చు నెలకు రూ.32,000 అవుతుంది. ఎకరం కొబ్బరి తోట మీద వచ్చేది పిల్లల ఫీజులకు సరిపోతుంది. నాన్నగారి పేరున 2013 నాటి పెట్రోలు కారు (1,197 సీసీ) ఉంది. కిందటి వేసవిలో మూడుసార్లు రూ.1,800 చొప్పున గ్యాసు ఎక్కించినా ఏసీ అసలు చల్లబడటం లేదు. అమ్మను కంటి వైద్యానికి నెలకోసారి రాజమహేంద్రవరం తీసుకువెళ్లాలి. మెకానిక్ ఇచ్చిన లెక్క ఇది: ఏసీ కంప్రెషర్‌కు రూ.26,000, నాలుగు టైర్లకు రూ.16,000, సస్పెన్షన్, క్లచ్‌లకు రూ.30,000, టింకరింగు, పెయింటింగుకు రూ.48,000, సీటు కవర్లు, టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరాకు రూ.30,000. మొత్తం రూ.1.50 లక్షలు. ఊళ్లో నోటు మీద రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. బావమరిదేమో మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి, అదే మొత్తం ముందు కట్టి, రూ.8.50 లక్షల కొత్త కారు తీసుకోమంటున్నాడు. నెలకు రూ.12,000 వరకు కిస్తీ కట్టగలను. కారుకు థర్డ్ పార్టీ బీమా ఉంది. పొదుపు ఖాతాలో రూ.38,000 ఉన్నాయి. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరంలో ఏసీకీ సీటు కవర్లకూ దక్కిన చోటు పొదుపు ఖాతాకు దక్కలేదు; అందులో రూ.38,000 మాత్రమే ఉన్నాయన్న సంగతి చిట్టచివర ఒక్క వాక్యంలో తేలిపోయింది. ఈ వరసలో రాసేవారు ఎంతోమంది ఉండటం వల్లనే మీ ప్రశ్నను ఎంచుకున్నాను.

నెలకు రూ.12,000 కిస్తీ కట్టగలనని మీరే రాశారు. కిస్తీ కట్టడానికి రాగల సొమ్ము దాచుకోవడానికి ఎందుకు రాలేదన్నది నా మొదటి సందేహం. అప్పు ఇచ్చినవాడు అడిగితే పన్నెండు వేలూ ఒకటో తారీఖునే బయటికి వస్తాయి. అడిగేవాడు లేకపోతే అవే పన్నెండు వేలు ఎటు పోయాయో నెలాఖరుకు మీకే తెలియదు. ఒక్క ఏడాది కిందటి నుంచి అందులో సగం పక్కన పెట్టి ఉన్నా ఈ రోజు రూ.72,000 చేతిలో ఉండేవి, ఈ ఉత్తరం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

పన్నెండేళ్లు దాటిన కారుకు టైర్లు అరగడం, బ్యాటరీ పోవడం, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు వదులవడం ఆపదలు కావు. ఎప్పుడు వస్తాయో తెలియకపోయినా వస్తాయని తెలిసిన ఖర్చులవి. మీ కారుకు ఏడాదికి రెండు సర్వీసులకు రూ.10,000, బీమాకు రూ.9,000, టైర్లనూ బ్యాటరీనీ వాటి ఆయుష్షుకు పంచితే రూ.5,000, చిల్లర మరమ్మతులకు రూ.12,000 వేసుకుంటే రూ.36,000, అంటే పెట్రోలు కాక నెలకు రూ.3,000 అవుతుంది. ఇప్పుడు మీరు నోటు రాయబోతున్న లక్షన్నరకు నూటికి రెండు రూపాయల చొప్పున నెల వడ్డీ ఎంతో చూడండి. అదీ సరిగ్గా రూ.3,000. కారును ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిపించగల సొమ్మంతా వడ్డీకి ధారపోస్తే, అసలులో ఒక్క రూపాయి తగ్గదు, పైగా వచ్చే ఏడాది బ్యాటరీకి మళ్లీ చెయ్యి చాచవలసి వస్తుంది. ఏడాదికి 24 శాతం వడ్డీకి తెచ్చి టచ్‌స్క్రీన్ పెట్టించుకునే ఆలోచనను నేను మర్యాదగా చర్చించలేను. మీరు అడగలేదు కానీ, చీటీని మొదట్లోనే పాడి తెచ్చుకునే సొమ్ము కూడా అప్పే. పాటలో వదులుకున్నదే దాని వడ్డీ.

ఇక ఆ లెక్కను విడదీద్దాం. టైర్లు ఈ వారమే మార్చండి. వానలో జాతీయ రహదారి మీద అరిగిన టైర్లతో అమ్మను తీసుకువెళ్లడం తగదు. ఆ రూ.16,000 పొదుపు ఖాతాలోంచే తీయండి. సస్పెన్షన్‌నూ క్లచ్‌నూ ఒకే అంకెగా రాసి ఇచ్చిన కాగితాన్ని నమ్మవద్దు. క్లచ్ జారుతోందని మీరు ఎక్కడా రాయలేదు కాబట్టి, ఏ భాగం ఎందుకు మార్చాలో విడివిడిగా రాయించుకోండి. అరిగిన బుష్‌లు, లింక్ రాడ్ల వరకే మార్చితే ఖర్చు చాలావరకు దిగివస్తుంది.

ఏసీని నేను విలాసంగా చూడను. మే నెల ఎండలో పెద్దావిడను రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం తీసుకువెళ్లి తీసుకురావాలంటే అది కావలసిందే. వానాకాలంలో ముందు అద్దానికి పట్టే ఆవిరి పోవాలన్నా అదే దిక్కు. అయితే కిందటి వేసవిలో మూడుసార్లు రూ.1,800 చొప్పున గ్యాసు ఎక్కించామని మీరు రాసిన ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఏసీ గ్యాసు పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు, మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉండేది. మూడుసార్లు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. సముద్రపు ఉప్పు గాలి తగిలే మన ప్రాంతంలో ముందువైపు ఉండి గ్యాసును చల్లార్చే కండెన్సర్ రేకులను ఆ ఉప్పు తినేయడం మామూలే. అతుకుల దగ్గర రబ్బరు వాషర్లు ఎండిపోయినా అంతే. ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేయించి లీకు ఎక్కడో తేల్చమనండి. లీకు మూయకుండా కొత్త కంప్రెషర్ బిగిస్తే అదీ కొన్నాళ్లకు గ్యాసు లేక చతికిలబడుతుంది. కిందటి ఏడాది గాలిలో కలిసిన రూ.5,400లో కొంత ఈ పరీక్షకు పెట్టి ఉంటే బాగుండేది.

పెయింటింగు అక్కరలేదు. అడుగు రేకుకో, రన్నింగ్ బోర్డుకో చిల్లు పడితే అక్కడి వరకు తుప్పు గీకించి అతుకు వేయించండి. సీటు కవర్ల సంగతి సంక్రాంతికి చూసుకోవచ్చు. టచ్‌స్క్రీన్ గురించి చెప్పవలసింది పైనే చెప్పాను.

కొత్త కారు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. కానీ రూ.7 లక్షల రుణానికి 9.5 శాతం వడ్డీతో ఏడేళ్లకు కిస్తీ సుమారు రూ.11,440 పడుతుంది, వడ్డీయే రూ.2.61 లక్షలు. మీ మిగులంతా దానికే పోతే, ముందు కట్టడానికి తాకట్టు పెట్టిన బంగారాన్ని విడిపించేది దేనితో?

మీకు కావలసింది అత్యవసర నిధి. ఆరు నెలల ఇంటి ఖర్చు లెక్కన అది రూ.1.92 లక్షలు. ప్రైవేటు కళాశాలలో వేసవి జీతాలు ఎలా ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. దింపు దింపుకూ ధర మారే కొబ్బరిని నమ్ముకుని ఆసుపత్రి ఖర్చును వాయిదా వేయలేరు. ఈ నిధికి కనీసం నాలుగు నెలల పాటైనా సొమ్ము జమ చేయకుండా కారు మీద ఒక్క అలంకారం కూడా పెట్టవద్దు. టైర్లు పోగా మిగిలే రూ.22,000ను ముట్టుకోకండి. రాబోయే రెండు నెలల మిగులు, అంటే రూ.24,000తో సస్పెన్షన్, ఏసీ లీకు పనులు ముగించండి. లెక్క అది దాటితే సస్పెన్షన్‌కే ముందు చోటివ్వండి, ఏసీ మరో నెల ఆగుతుంది. ఆ తరువాత జీతం పడిన రోజే రూ.3,000 కారు పేరిట తెరిచిన వేరే ఖాతాకూ, రూ.9,000 అత్యవసర నిధికీ వాటంతట అవే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయించండి. ఇప్పుడున్న రూ.22,000తో కలిపి పంతొమ్మిది నెలల్లో రూ.1.93 లక్షలు అవుతుంది. ఈ రెండు ఖాతాలనూ కలపవద్దు. కలిపిన ఇళ్లలో ఆసుపత్రి సొమ్ము టైర్లకు పోవడం చాలాసార్లు చూశాను.

బీమా విషయంలో మీ పొరపాటు రెండు విధాలుగా ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారికి జరిగే నష్టానికే తప్ప మీ కారుకు పనికిరాదు. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఏం జరిగిందో మీరు కళ్లారా చూసి ఉంటారు. ఏటిగట్టు కింద, కొబ్బరి చెట్ల మధ్య కారు నిలిపే మనిషి సొంత నష్టం బీమాను దండగ అనుకోవడం నాకు అర్థం కాలేదు. పదేళ్లు దాటిన కారుకు చిన్న క్లెయిముల్లో లోహపు భాగాలకూ, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకూ సగం తరుగు కోస్తారు, కాబట్టి గీతలకూ సొట్టలకూ దీన్ని ఆశించవద్దు. చెట్టు విరిగిపడి కారు నుజ్జయినప్పుడు, నీట మునిగి పనికిరాకుండా పోయినప్పుడు చేతికి వచ్చే మొత్తం కోసమే ఇది. ఐదేళ్లు దాటిన కారు విలువను మీరూ బీమా సంస్థా మాట్లాడుకుని నిర్ణయించేదే కనుక, ప్రీమియం తగ్గిస్తానంటూ ఏజెంటు ఆ విలువను తగ్గించి రాస్తుంటే ఒప్పుకోకండి. కారు నీళ్లలో మునిగితే మాత్రం తాళం తిప్పవద్దు. ఇంజనులోకి నీరు చేరాక స్టార్ట్ చేయడం వల్ల జరిగే నష్టాన్ని మామూలు పాలసీ భరించదు.

రెండో పొరపాటు దీనికంటే పెద్దది. పాలసీతో పాటు వచ్చే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని స్వయంగా నడుపుతున్నప్పుడే వర్తిస్తుంది. కారు నాన్నగారి పేరున ఉంది, నడిపేది మీరు. అంటే ఇన్నాళ్లూ స్టీరింగు ముందు కూర్చున్న మీకు ఆ రక్షణ లేదు. ఆర్సీని మీ పేరుకు మార్పించుకోండి. అందాక విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. పేరు మార్చినప్పుడు బీమా కూడా మీ పేరుకు మారిందో లేదో చూసుకోండి. 2028లో కారుకు పదిహేనేళ్లు నిండి, ఫిట్‌నెస్ తనిఖీతో రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పునరుద్ధరించుకోవలసి వస్తుంది. ఈ కారును ఉంచుకోవాలా, అమ్మాలా అన్న ప్రశ్నను అప్పుడు, కారు ఖాతాలో ఎంత ఉందో చూసుకుని మళ్లీ రాయండి.