రంగులు, బట్టలు అంటే పాపకు ప్రాణం, ఇంటీరియర్ డిజైన్ చదివించవచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల. పాప ఇంటర్ రెండో ఏడాది, సీఈసీ. ఇంట్లో గోడల రంగు దగ్గర్నుంచి కర్టెన్లు, దిండు గలీబుల దాకా అన్నీ తనే ఎంచుతుంది. ఇంటీరియర్ డిజైన్ చేస్తానంటోంది. కర్టెన్లు ఎంచడానికి చదువెందుకు, డిగ్రీ చేసి బ్యాంకు పరీక్షలు రాసుకోమని వాళ్ళ నాన్నగారు అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఏడాది డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేర్చమంటారా?

జవాబు: అమ్మా, ఆ డిప్లొమాకు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఇలాంటి ఏడాది కోర్సులు చాలావాటిలో ఎక్కువ సమయం త్రీడీ సాఫ్ట్‌వేర్‌కే పోతుంది, అది తర్వాతైనా నేర్చుకోవచ్చు. మీ పాపకు ఇష్టం ఉన్నది రంగు మీద, బట్ట మీద. వాటిని లోతుగా నేర్పే చదువులు వేరే ఉన్నాయి, వాటికి సీఈసీ అడ్డు కాదు.

నాన్నగారి ప్రశ్న మాత్రం తీసిపారేయాల్సింది కాదు, దానికి సరైన జవాబు ఇవ్వాలి. ఆరడుగుల కర్టెన్ రాడ్ ఉందనుకోండి. కుచ్చులు నిండుగా పడాలంటే బట్ట వెడల్పు దానికి రెండింతలు, అంటే 12 అడుగులు కావాలి. షాపులో దొరికే 54 అంగుళాల పన్నా (వెడల్పు) బట్టయితే మూడు ముక్కలు కలపాలి, ఎత్తు ఏడడుగులు, మడతలకు ఇంకో అడుగు వేసుకుంటే మొత్తం ఏడున్నర మీటర్లతో సరిపోతుంది. అదే కిటికీకి 44 అంగుళాల పన్నా చేనేత బట్ట ఎంచితే నాలుగు ముక్కలు పడతాయి, దాదాపు 10 మీటర్లు. డిజైన్ గీతలు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు కలవాలంటే ఇంకా ఎక్కువ. ఇల్లంతా ఇలాంటి కిటికీలుంటే, ఈ లెక్క తెలియని డిజైనర్ ఎస్టిమేట్ ఎంత తప్పుతుందో వ్యాపారం తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

లెక్క ఒక్కటే తెలిస్తే చాలదు, బట్ట స్వభావమూ తెలియాలి. చీర కోసం నేసిన పల్చటి పోచంపల్లి ఇక్కత్‌ను సోఫాకు బిగిస్తే కుట్ల దగ్గర సాగి చిరుగుతుంది, దానికి బరువైన నేత కావాలి, లేదంటే వెనక గట్టి బట్ట అతికించాలి. పడమటి కిటికీకి పట్టు వేస్తే మన ఎండలకు దారాలు బలహీనపడతాయి. సహజ రంగులు వేసిన పెడన కలంకారీ నేరుగా ఎండ తగలని గోడ మీద, పరుపు మీద హాయిగా ఉంటుంది, ఎండ కొట్టేచోట వెలుస్తుంది. కాటన్ ఏదైనా ముందు తడిపి ఆరబెట్టకుండా కుట్టిస్తే మొదటి ఉతుకుకే పొట్టిదవుతుంది. ఇవన్నీ తెలిసిన మనిషికే ఇంటివాళ్ళు రెండోసారి ఫోన్ చేస్తారు.

రంగు విషయం ఇంకా లోతైనది, నాకు చాలా ఇష్టమైనది కూడా. ఒకే బూడిద రంగు బట్ట పొద్దున కిటికీ దగ్గర ఒకలా, రాత్రి 2700 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలత, బల్బు డబ్బా మీద ఉంటుంది) పసుపు బల్బు కింద ఒకలా, 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద ఇంకోలా కనిపిస్తుంది. షాపు లైట్ల కింద సోఫాకు, కర్టెన్‌కు చక్కగా కలిసిన రెండు రంగులు ఇంట్లో విడిపోయి కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. షేడ్ కార్డులో చిన్న ముక్కగా లేతగా ఉన్న రంగు గోడంతా పరుచుకుంటే ముదురుగా తోస్తుంది, అందుకే రెండడుగుల చదరం గోడ మీదే వేసి పగలూ రాత్రీ చూడాలి. కింద నేలను కూడా లెక్కలోకి తీసుకోవాలి: మీ వైపు ఇళ్ళలో లేత రంగు బేతంచెర్ల బండలుంటే వెలుతురు పైకి తిరిగొస్తుంది, నల్లటి కడప బండలుంటే నేల దాన్ని మింగేస్తుంది, అదే పెయింట్ ఆ రెండిళ్ళలో ఒకేలా ఉండదు.

పాపకు ఉన్నది ఇష్టమేనా, ఈ పనికి కావలసిన ఓపిక కూడానా అని తెలుసుకోవాలంటే ఇంట్లోనే చేయించండి. ఐదారు రకాల బట్ట ముక్కలు తీసుకుని ఒక్కోదాన్ని సగం అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీకి నెల రోజులు తగిలించమనండి. ఏది ఎంత వెలిసిందో, ఉతికితే ఎంత కుదించుకుపోయిందో, ఏ లైటు కింద ఎలా ఉందో నోట్‌బుక్‌లో రాయమనండి. మీ హాలు కొలిచి, కర్టెన్ల ఖర్చు లెక్క వేసి నాన్నగారికి చూపించమనండి. ఇది విసుగనిపిస్తే ఇంటీరియర్స్ తనకు హాబీగా ఉంటేనే మంచిది. నెల దాటాక కూడా ఉత్సాహం తగ్గకపోతే మీరు భయపడక్కర్లేదు.

చదువుల్లో రెండు దారులున్నాయి. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఇంటీరియర్ డిజైన్‌లో బీడిజైన్ డిగ్రీ ఉంది, దానికి వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. రెండోది టెక్స్‌టైల్ డిజైన్: హైదరాబాద్ నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఉంది, ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) టెక్స్‌టైల్, అపారెల్ (దుస్తులు) కలిపి ఉంది. నిఫ్ట్‌కు, ఎన్‌ఐడీకి ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా పరీక్ష రాయవచ్చు. ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిన బీఆర్క్‌కు మాత్రం మ్యాథ్స్ కావాలి కాబట్టి అది వదిలేయండి.

మీరు చెప్పినదాన్ని బట్టి నా మొగ్గు టెక్స్‌టైల్ వైపే. ఎందుకంటే ఇంటీరియర్స్‌లో కొత్తగా చేరినవాళ్ళకు దొరికే పని చాలావరకు మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబ్‌లు, ప్లైవుడ్, లామినేట్, సైటులో కార్పెంటర్లతో బేరాలు, బట్టల దాకా వచ్చేసరికి బడ్జెట్ అయిపోయి ఉంటుంది. అది మంచి ఉద్యోగమే, కానీ మీ పాప ఊహించుకుంటున్నది అది కాదేమో. టెక్స్‌టైల్ చదివితే తమిళనాడులోని కరూర్, హర్యానాలోని పానిపట్ లాంటి చోట్ల దుప్పట్లు, కర్టెన్ బట్టలు తయారుచేసే కంపెనీల్లో పని ఉంటుంది, వరంగల్ జంపఖానాలు, మంగళగిరి నేతలతో సొంతంగా ఇళ్ళకు కావలసినవి చేయించే దారీ తెరుచుకుంటుంది, తర్వాత ఇంటీరియర్స్‌లోకి రావడమూ కష్టం కాదు. మొదటి రెండు మూడేళ్ళు జీతం తక్కువే ఉంటుందని నాన్నగారికి ముందే చెప్పండి.

నిఫ్ట్, ఎన్‌ఐడీ అప్లికేషన్లు సాధారణంగా ఇంటర్ పబ్లిక్ పరీక్షలకు ముందే మొదలవుతాయి, కాబట్టి ఈ వారమే ఆ మూడు వెబ్‌సైట్లు చూడండి, ఫీజులు కూడా అక్కడే చూసుకోండి. గడువు దాటిపోయి ఉంటే టెన్షన్ పడి ఎక్కడో ఒక సీటు కొనకండి. ఒక ఏడాది డ్రాయింగ్ సాధన చేయించి, సెలవుల్లో ఒక్కసారి పెడనో పోచంపల్లో తీసుకెళ్ళి అద్దకం, నేత దగ్గరుండి చూపించి, వచ్చే ఏడాది రాయించండి. ఆ నోట్‌బుక్ మాత్రం జాగ్రత్తగా దాచమనండి, ఇంటర్వ్యూ ఉన్నచోట అడగకపోయినా తీసి చూపించమనండి.