పెద్ద పైపు వేయించే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. మోకాలి లోతు నీళ్లు, గుమ్మాల్లోంచి బకెట్లతో ఎత్తిపోస్తున్న మీ వీధి వాళ్లు, వెనకాల ఎవరిదో గొంతు: "పెద్ద పైపులు వేయిస్తే గానీ ఈ పీడ వదలదు." ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ మాట వినని వీధి లేదనుకో. చాలా చోట్ల ఆ మాట తప్పని తేలింది. వీధి తరఫున ఈ పని నీ నెత్తినేసుకున్నావు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో కొత్త. ఒక వీధి ఎప్పుడు చూసినా మునుగుతోందని అక్కడున్న 300 మిల్లీమీటర్ల వ్యాసం పైపులు పీకించి 600వి వేయించాం. మొదటి పెద్ద వానకి ఆ వీధి గంటలో ఆరిపోయింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. మర్నాడు పొద్దున్నే కింది వీధి నుంచి ఒక పెద్దావిడ వచ్చి నన్ను తన ఇంటికి తీసుకెళ్లింది. గోడ మీద రెండు మట్టి గీతలు చూపించింది. పాతది మోకాలి ఎత్తులో ఉంది, రాత్రి పడినది నడుం ఎత్తులో ఉంది. "ఇది మీ పనేనా బాబూ?" అని మాత్రం అడిగింది. కింది వీధి చివర ఉన్న తూము 450 మాత్రమే. పై నుంచి నీళ్లు తొందరగా పంపించాను గానీ అవి పోయే దారి చూడలేదు. ఊళ్లో నీళ్లు తగ్గించలేదు, ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి తోశానంతే.

అందుకే కాలువ పనిని చివరి నుంచి పైకి చూసుకుంటూ రావాలి. మీ వీధి ముందు నిలబడి ఆలోచించకు. వాననీళ్లు చివరికి ఎక్కడ కలుస్తున్నాయో, వాగో చెరువో పెద్ద కాలువో, అక్కడికి నడిచి వెళ్లు. పైపు బయటపడే చోట ఏముందో చూడు. తుప్పలు పెరిగి మూతి మూసుకుపోయి ఉండొచ్చు. ఎవరో ఇంటి శిథిలాలు పోసి ఉండొచ్చు. వానాకాలంలో వాగు మట్టం మీ వీధి మట్టం కంటే పైకి లేస్తే మీ నీళ్లు పోకపోగా వాగు నీళ్లే మీ వీధికి ఎదురొస్తాయి. అలాంటి చోట ఎంత పెద్ద పైపు వేసినా లాభం లేదు. ఒకవైపే తెరుచుకునే తలుపు బిగించాలి, లేదా పంపులు పెట్టాలి. ఆ తలుపు సందులో చిన్న కట్టెపుల్ల ఇరుక్కున్నా అది మూసుకోదు, కాబట్టి ప్రతి వానకీ దాన్ని చూసే మనిషి ఉండాలి.

ఇక రెండో పని వాన పడుతుండగానే చెయ్యాలి. ఎండలో కాలువ చూసి ఏదీ తెలుసుకోలేం. నీళ్లు నిలవడం మొదలవుతుండగానే, లోతు పెరగకముందే, ఇద్దరు తోడుగా వెళ్లి చాంబర్లు, అంటే పైపు వరసలో అక్కడక్కడ కట్టిన మూతల గుంతలు, చూడండి. జాలీ మూతల సందుల్లోంచి టార్చి వేస్తే చాలు, మూత ఎత్తక్కర్లేదు. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉండగా చాంబర్లో పైపు సగమే నిండి హాయిగా పారుతుంటే పైపు తప్పు లేదన్నమాట. నీళ్లు లోపలికి దిగడం లేదు, జాలీల దగ్గర ఆగిపోతున్నాయి. చాంబర్ అంచు దాకా నిండి కదలకుండా ఉంటే దిగువన ఎక్కడో అడ్డం ఉంది. ఒక చాంబర్ నిండుగా, దాని తర్వాతది ఖాళీగా ఉంటే అడ్డం ఆ రెండింటి మధ్యే. అన్ని చాంబర్లూ నిండి, నీళ్లు జోరుగా పారుతూ, అయినా వీధి మునుగుతుంటే అప్పుడు మాత్రం పైపు నిజంగా చిన్నదే.

ఒకసారి ఇలాగే వెతుకుతూ వెళ్తే ఏం దొరికిందో తెలుసా? పైపు మధ్యలో ఇటుక గోడ! అప్పుడెప్పుడో పని జరుగుతున్నప్పుడు నీళ్లు రాకుండా మేస్త్రీ అడ్డం కట్టి, పని అయ్యాక పగలగొట్టడం మర్చిపోయాడు. పైన ఒక జానెడు సందు మిగిలింది. చిన్న వానలకి ఆ సందు సరిపోయేది, పెద్ద వానకి వీధి మునిగేది. ఆరేళ్లు అందరూ పైపు చిన్నదనుకున్నారు. సుత్తి, ఉలి, ఒక పూట పని. అంతటితో సరిపోయింది.

జాలీల సంగతి ఇంకా విచిత్రం. నాలుగు ఆకులు, వాటి మీద పరుచుకున్న ఒక ప్లాస్టిక్ కవరు చాలు. నీళ్ల బరువుకి అది ఇనుప కమ్మీలకి అతుక్కుపోతుంది. ఒక వానలో నేనే దంతె పెట్టి అలాంటి కవరు లాగాను. ఒక్క గుటకలాంటి చప్పుడు వచ్చి, సుడి తిరుగుతూ నీళ్లు దిగడం మొదలైంది, పది నిమిషాల్లో రోడ్డు గీతలు కనబడ్డాయి. అందుకే ఇంజనీర్లు లెక్క వేసేటప్పుడే పల్లంలో ఉన్న జాలీ సగం మూసుకుపోయి ఉంటుందని అనుకుని, దానికి తగ్గట్టు రెండింతలు పెడతారు. మీ దగ్గర నీళ్లు చేరే అసలు పల్లం ఎక్కడో చూసి, అక్కడ జాలీ ఉందో లేదో చూడు. రోడ్డు మీద జాలీతో పాటు అంచు గట్టులో నిలువు నోరు కూడా ఉంటే మంచిది, ఒకటి పూడినా రెండోది తాగుతుంది. కొన్నిచోట్ల జాలీ మెరక మీద ఉంటుంది, నీళ్లు గుంటలో ఉంటాయి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయినప్పుడు ఇలాగే అవుతుంది. కొత్త పొర వేసే ముందు పాత పొర గీకించమని పట్టుబట్టు, లేకపోతే నాలుగోసారికి రోడ్డు మీ గడపల కంటే పైకి వస్తుంది. స్పీడ్ బ్రేకర్ కూడా చూడు. నీళ్ల దారికి అడ్డంగా ఆ చివర నుంచి ఈ చివర దాకా వేస్తే అది చిన్న ఆనకట్టే.

ఇంత చూశాక పైపు చిన్నదేనని తేలితే అప్పుడు లెక్క. భయపడకు, కాగితం మీద నువ్వే వేసుకోవచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ వీధికి నీళ్లు వచ్చి చేరే జాగా ఒక హెక్టారు, అంటే 10,000 చదరపు మీటర్లు అనుకుందాం. గంటకి 60 మిల్లీమీటర్ల జోరుతో కురిస్తే సెకనుకి సుమారు 167 లీటర్లు పడుతున్నట్టు. అందులో కొంత నేల పీలుస్తుంది. అంతా సిమెంటు, డాబాలు అయితే పదిలో ఎనిమిది వంతులకి తక్కువ కాకుండా కాలువకే వస్తాయి, గడ్డి నేలైతే రెండు మూడు వంతులే వస్తాయి. ఎనిమిది వంతుల లెక్కన సెకనుకి 133 లీటర్లు. 200 మీటర్లకి ఒక మీటరు వాటంతో వేసిన 300 మిల్లీమీటర్ల కాంక్రీటు పైపు నిండుగా పారినా 70 లీటర్ల లోపే తీసుకెళ్తుంది. అదే వాటంతో 450 పైపు సుమారు 200 తీసుకెళ్తుంది. 600 వేస్తే 430 దాటుతుంది. వ్యాసం రెట్టింపైతే మోసే నీళ్లు ఆరు రెట్లకి పైనే పెరుగుతాయన్నమాట. వాటం రెట్టింపు చేస్తే మాత్రం ఒకటిన్నర రెట్లు కూడా రాదు. ఈ వాన లెక్క కొత్తదేం కాదు, 1851లో ఐర్లండ్‌లో మల్వానీ అనే ఇంజనీరు చెప్పిందే. చిన్న ప్రాంతాలకి ఇప్పటికీ అదే వాడుతున్నారు.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. పేపర్లో వచ్చే 24 గంటల వాన అంకె తీసుకుని లెక్క వేస్తారు. రోజంతా జల్లుగా పడిన 100 మిల్లీమీటర్లు వీధిని ఏమీ చెయ్యకపోవచ్చు. అందులో సగం అరగంటలో పడితే మునుగుతుంది. చిన్న వీధికి కావాల్సింది పది పదిహేను నిమిషాల జోరు. వాతావరణ శాఖ వాళ్ల దగ్గర ఆ లెక్కలు ఉంటాయి, ఇంజనీరుని "మీరు ఎన్ని నిమిషాల వాన తీసుకున్నారు, ఎన్నేళ్లకొకసారి వచ్చే వాన తీసుకున్నారు?" అని అడుగు. అయిదేళ్ల వాన అంటే అయిదేళ్లకి ఒక్కసారే వస్తుందని కాదు. ఏ సంవత్సరమైనా నూటికి 20 పాళ్లు వచ్చే అవకాశం ఉందని. వరసగా రెండేళ్లు రావచ్చు. ఈ సంగతి వీధి వాళ్లకి ముందే చెప్పు, లేకపోతే కొత్త కాలువ వేసిన ఏడాదే నీళ్లు నిలిస్తే నిన్ను తిడతారు.

ఏ కాలువైనా ఎప్పుడో ఒకప్పుడు పొంగుతుంది. చెరువుకి అలుగు ఉన్నట్టు వీధికీ ఒక దారి ఉండాలి. పైపు పట్టని నీళ్లు రోడ్డు మీదుగా ఎటు పోతాయో ముందే ఆలోచించి, ఆ దారికి అడ్డంగా ప్రహరీ గోడ గానీ, ఎత్తైన ర్యాంపు గానీ లేకుండా చూసుకోవాలి. ర్యాంపుల దగ్గరే గొడవ వస్తుందని నాకు తెలుసు. ఎవరి ర్యాంపూ నువ్వొక్కదానివే కొట్టించబోకు. వాన పడుతుండగా ఆ ఇంటాయన్ని పిలిచి, ఆయన ర్యాంపు ఎగువన నీళ్లు ఎలా నిలిచాయో చూపించు. వంద మాటలు చెప్పక్కర్లేదు.

నీళ్లు కాలువకి రాకముందే కొంత ఆపగలిగితే పైపు చిన్నదైనా సరిపోవచ్చు. 100 చదరపు మీటర్ల డాబా మీద గంటకి 60 మిల్లీమీటర్లు కురిస్తే 6,000 లీటర్లు. ప్రతి ఇల్లూ అది నేరుగా రోడ్డు మీదకి వదులుతోంది. ఇంకుడు గుంటలు మంచివే, కానీ వాటిని మరీ నమ్ముకోకు. నల్లరేగడి, బంకమట్టి నేలల్లో నీళ్లు దిగవు, గుంట నిండాక మళ్లీ రోడ్డే దిక్కు. గోడ పునాదికి తగినంత దూరంలో తవ్వాలి. ఖాళీ జాగా ఉంటే సిమెంటు పోయకుండా వదిలేయడం అన్నిటికంటే చౌక.

ఇంకో పరీక్ష. వాన లేని రోజుల్లో మీ వాననీటి కాలువలో నీళ్లు పారుతున్నాయా? పారుతుంటే ఎవరో మురుగు కలిపారు, లేదా మంచినీళ్ల పైపు కారుతోంది. వాసన బట్టి తెలిసిపోతుంది. మురుగు కలిసిన కాలువ అడుగున బురద పేరుకుంటుంది, పెద్ద వానకి అదంతా గుమ్మాల్లోకి వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నామాట జవదాటకు. ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకి దింపనివ్వొద్దు, "అయిదు నిమిషాలే" అన్నా సరే. లోపల విషవాయువు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, మనిషికి ప్రమాదం తెలియకుండానే పడిపోతాడు, కాపాడబోయి దిగినవాడూ పోతాడు. మిషన్లతోనే తీయించు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మూత తీసి వదిలేయడం అంతే ప్రమాదం, అది ఎవరికీ కనబడదు. మీటరున్నర కంటే లోతు కందకం తవ్వితే పక్కలకి ఆధారం పెట్టకుండా కూలీలు దిగకూడదు.

పని మొదలయ్యాక రోజూ వెళ్లి కూర్చోనక్కర్లేదు గానీ, పైపు పరిచాక మట్టి కప్పే ముందు తప్పకుండా వెళ్లు. ఒకచోట అనుమానం వచ్చి మేస్త్రీ దగ్గరున్న లెవెల్ ట్యూబు, అంటే మట్టం చూసే నీళ్ల గొట్టం, అడిగి పట్టాను. రెండు చివర్లా నీళ్లు నిలకడగా నిలిచాక కొలిస్తే దిగువ పైపు ఎగువ పైపు కంటే నాలుగు సెంటీమీటర్లు పైన ఉంది. కంటికి మాత్రం వాటం సరిగ్గా ఉన్నట్టే కనిపించింది. ఎదురు వాటం అంటే అక్కడ ఎప్పుడూ నీళ్లు నిలిచి, పూడిక పడి, రెండేళ్లలో పైపు సగం అవుతుంది. పైపు కింద పరుపు సరిగ్గా వేశారా, అతుకుల దగ్గర లోపలికి కారిన సిమెంటు తుడిచారా చూడు. ప్రతి చాంబర్ దగ్గరా ఫోటో తీసి పెట్టుకో. చివరి బిల్లు ఇచ్చే ముందు పై చాంబర్లో ట్యాంకరు నీళ్లు పోయించి కింద ఎంతసేపటికి వస్తాయో చూడమను. తాత్కాలికంగా కట్టిన అడ్డాలన్నీ తీసేశారా అని నోటితో అడిగి, కంటితో చూడు. ఎందుకో నీకు ఇప్పుడు తెలుసు!

పూడిక వానాకాలానికి ముందు ఒకసారి, మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి తీయాలి. తీసిన బురద కాలువ ఒడ్డునే కుప్ప పోసి వెళ్లిపోతారు, మర్నాటి వానకి అదంతా తిరిగి కాలువలోకే. ఎత్తి తీసుకెళ్లడం కూడా పనిలో భాగమని కాగితంలో రాయించు. జాలీల మీద ఆకులు లాగడానికి ఇంటికి ఒక జాలీ చొప్పున పంచేసుకోండి, దంతె ఒకటి అందరికీ చాలు.

నాకు మాత్రం ముందు ఒక పటం కావాలి. ఈసారి వాన పడ్డప్పుడు సుద్దముక్క తీసుకెళ్లి గోడల మీద నీళ్ల ఎత్తు, టైము రాయి, చాంబర్లు ఎలా ఉన్నాయో పక్కనే రాసుకో. చేత్తో గీసిందైనా పర్లేదు, ఆ వీధి చివర నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో దాకా గీసి పంపు. ఎస్టిమేట్ అడగడానికి అప్పుడు వెళ్దువుగాని.

మీ బాబాయి