విరిగిన షాక్ అబ్జార్బర్ ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: నాన్నగారి రిటైర్మెంటు డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాను. హైదరాబాద్‌లోని ఒక షాపులో 2,40,000 రూపాయలకు కాయిలోవర్లు (కారు ఎత్తు తగ్గించుకునే వీలున్న స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ సెట్లు) వేయించాను. మూడు నెలలకే ముందు ఎడమవైపుది విరిగి కారు డివైడర్‌ను ఢీకొంది. కంపెనీకి పంపిస్తానని షాపతను ఆ విరిగిన పార్టు పట్టుకెళ్లాడు. అప్పటినుంచి ఏడాదిన్నరగా 'చూద్దాం సార్' అంటున్నాడు. బిల్లు తీసుకోలేదు. పాత స్ప్రింగులు బిగించేసి, కొత్తగా ప్రమాదం జరిగినట్టు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చెయ్యమని మిత్రుడి సలహా. చెయ్యవచ్చా? - విజయవాడ పాఠకుడు

జవాబు: చెయ్యకండి. అది మోసం. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఇప్పుడు మీరు ఫిర్యాదీ, ఆ పని చేస్తే ముద్దాయి అవుతారు.

కారు ఎవరి డబ్బుతో కొన్నారన్నది వినియోగదారుల కమిషన్‌కు అనవసరం. పార్టులో లోపమా, బిగించడంలో లోపమా, మీరు గుంతలో దింపారా? కేసు తేలేది దీనిమీదే. కారు మరీ కిందికి దించి నడిపారని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. దానికి జవాబు ఆ విరిగిన ముక్కలో ఉంది. దాన్ని మీరే ప్రతివాది చేతిలో పెట్టారు! జీఎస్టీ మిగులుతుందని బిల్లూ వదులుకున్నారు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ప్రమాదం నాటినుంచి లెక్కేస్తే మీకు మిగిలింది ఆరు నెలలే. 'చూద్దాం సార్' మెసేజీలు ఎన్ని వచ్చినా గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, మంతనాల్లో ఉన్నామంటే కమిషన్ ఒప్పుకుంటుందన్న భరోసా లేదు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. పార్టును ఉన్నదున్నట్టు ఏడు రోజుల్లో తిరిగివ్వమని అడగండి. ఇస్తే, లేబొరేటరీ పరీక్షకు పంపమని సెక్షన్ 38 కింద కమిషన్‌ను కోరవచ్చు. ఇవ్వకపోతే, తనకు వ్యతిరేకంగా ఉంది కాబట్టే దాచాడని భావించమని వాదించవచ్చు. పార్టు తీసుకెళ్లినట్టు అతను ఒప్పుకున్న వాట్సాప్ మెసేజీ ఉందా? అయితే ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింటు దాఖలు చేసేటప్పుడు అది ఏ ఫోన్‌నుంచి ఎలా తీశారో తెలిపే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

కేసు మీ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఫీజు మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. 5 లక్షల లోపు కాబట్టి మీకు ఫీజు లేదు. బిల్లు లేకపోయినా యూపీఐలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు పనికొస్తుంది. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో ఆ పేరు, షాపు పేరు రెండూ నోటీసులో రాయండి.