సెకండ్ హ్యాండ్ దోస్త్ (అశోక్ లేలాండ్ చిన్న గూడ్సు బండి) కొని సొంతంగా తోలితే నెలకు ఎంత మిగులుతుంది?

అడిగింది: కావలిలో జీతానికి డ్రైవరుగా చేస్తున్నాను, నెలకు 16,000. ఒకాయన తన దోస్త్ అమ్ముతానంటున్నాడు. ఫైనాన్స్‌లో తీసుకుంటే కిస్తీ 14,500 పడుతుంది. నెలకు 60,000 బాడుగలు వస్తాయని ఆయన మాట. తీసుకోవచ్చా?

తమ్ముడూ, ఆయన అబద్ధం చెప్పి ఉండడు. కష్టపడి తిరిగితే 60,000 బాడుగ వస్తుంది. కానీ అది బండికి వచ్చేది, నీకు వచ్చేది కాదు. నేను సింగరాయకొండ దగ్గర ఉంటా. దోస్త్ మీదే చాలా ఏళ్లుగా ఇల్లు గడుస్తోంది. నా లెక్క చెబుతా, నీ అంకెలు వేసుకుని చూసుకో.

60,000 బాడుగ రావాలంటే మన వైపు రేట్లకి నెలకు ఎటూ మూడు వేల కిలోమీటర్లు తిరగాలి. లోడు మీద నా బండి లీటరుకు పన్నెండు ఇస్తుంది. డీజిల్ 97 అనుకుంటే కిలోమీటరుకు ఎనిమిది రూపాయల పైమాటే. టైర్లు నాలుగూ కలిపి 26,000 అనుకో, నలభై వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 65 పైసలు. ఆయిలు, బ్రేకు, క్లచ్చి ప్లేట్లు, కమాన్ పట్టీలు (బండి కింద స్ప్రింగు పట్టీలు) ఇవన్నీ కలిపి ఒక రూపాయి పావలా వేసుకో. మొత్తం పది రూపాయలు. అంటే మూడు వేల కిలోమీటర్లకు 30,000 పోయింది. టోల్, హమాలీ, దారిలో టీ టిఫిను నాలుగు వేలు. మిగిలింది 26,000. అందులో కిస్తీ 14,500. ఇన్సూరెన్స్, టాక్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) సంవత్సరానికి 42,000 అనుకుంటే నెలకు 3,500. ఫోను, చిల్లర ఖర్చు వెయ్యి.

చేతిలో 7,000. ఇప్పుడు నీ జీతం 16,000.

ఇదే నీ ప్రశ్నకు జవాబు. 60,000 దగ్గర ఆగిపోతే నువ్వు ఓనరువి అనిపించుకుంటావే కానీ జీతంలో సగం కూడా రాదు. 70,000 దాకా వస్తేనే ఇప్పుడున్న చోటికి చేరతావు, అదీ ఎక్కువ కిలోమీటర్లు తిరక్కుండా రావాలి. బాడుగ పెంచుకోవడానికి ఊరికే తిరిగితే డీజిలూ దాంతో పాటే పెరుగుద్ది.

చాలామంది లెక్క ఎక్కడ తప్పుతుందంటే, బాడుగలోంచి డీజిల్ తీసేసి మిగిలిందంతా లాభం అనుకుంటారు. ఒంగోలు నుంచి నెల్లూరు లోడు 4,500కి మాట్లాడుకున్నావనుకో. రానూపోనూ 250 కిలోమీటర్లు, డీజిల్ రెండు వేలు. రెండున్నర వేలు మిగిలాయని సంబరం. నిజానికి కిలోమీటరుకు పది చొప్పున 2,500, టంగుటూరు, ముసునూరు టోల్ గేట్లకి అయిదు వందలు, లోడింగు దగ్గర మూడు వందలు. ఇక బండి నిలబడినా తినే ఖర్చు ఉందిగా, కట్టేసిన గేదెకి మేత వేసినట్టు. కిస్తీ, ఇన్సూరెన్స్, ఫోను, నీ జీతం కలిపి నెలకు 35,000. నెలలో ఇరవై రెండు రోజులు పని దొరికితే రోజుకి 1,600 దగ్గర పడుతుంది. మొత్తం 4,900. ఆ ట్రిప్పులో నీ రోజు కూలిలో సగానికి పైగా నువ్వే వదులుకున్నావు. అదే నెల్లూరు నుంచి కావలికో ఒంగోలుకో పదిహేను వందల రిటన్ లోడు పడితే ఖర్చులన్నీ పోను వెయ్యి పైన నిలుస్తుంది. మన పనిలో లాభమంతా ఆ తిరుగు లోడులోనే ఉంది. అందుకే పోయే లోడు మాట్లాడుకునేటప్పుడే తిరుగు లోడుకి ఫోన్లు మొదలుపెట్టాలి, దించాక కాదు. దించేశాక అడిగితే నువ్వు ఖాళీగా ఉన్నావని బ్రోకరుకి తెలిసిపోద్ది, రేటు వాడే చెబుతాడు.

నీ జీతాన్ని ఖర్చు కింద రాయమంటే కొందరు నవ్వుతారు. రాయి. నీకు జ్వరం వచ్చిన రోజు వేరే డ్రైవర్ని పెడితే ఆ డబ్బు ఇవ్వక తప్పదు కదా.

మన జిల్లాల్లో పని సీజన్ల మీద నడుస్తుంది. పొగాకు వేలం జరిగినన్నాళ్లు ఒంగోలు, కొండపి, టంగుటూరు ఫ్లోర్లకి బేళ్లు తోలే పని ఉంటుంది. ఎండాకాలం పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు, ఉలవపాడు మామిడి. పెళ్లిళ్లప్పుడు షామియానా, వంటసామాను. ఆషాఢం వస్తే అది పడిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టిందంటే నెల్లూరు వైపు వారం బండి కదలదు, కిస్తీ మాత్రం తేదీకి కట్ అవుతుంది. వేసవిలో వచ్చిందంతా ఇంట్లో ఇచ్చేయకుండా రెండు కిస్తీల డబ్బు వేరే ఖాతాలో పడేయ్. ఈ డబ్బు లేకుండా బండి కొనొద్దు.

రొయ్యల లోడుకి బాడుగ బాగా ఇస్తారు, రాత్రిళ్లు పిలుస్తారు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి చాసిస్ మీదికి కారతాయి. ఏడాది తిరక్కుండానే బాడీ బోల్టులు, కమాన్ యూ క్లాంపులు తుప్పు పట్టి పొడిపొడిగా రాలతాయి. లోడు దించగానే అడుగున పైపు పెట్టి మంచినీళ్లతో కడగాలి. ఆ వాటరు సర్వీసు డబ్బులు కూడా బాడుగలో కలిపి అడుగు. నువ్వు చూస్తున్న బండి చెరువుల మీద తిరిగిందేమో కిందకి దూరి చూడు, పైన పెయింటు చూసి మోసపోవద్దు.

అరువు సంగతి. షాపు వాళ్లు వారం, పది రోజులు అంటారు, నెలవుద్ది. నా పద్ధతి ఒకటే, డీజిల్ డబ్బు అడ్వాన్సుగా పడితేనే తాళం తిప్పుతా. పాత బాకీ సగమైనా తేల్చనిదే మూడో లోడు ఎత్తను. మొహమాటపడితే బంకులో అప్పు మన పేరు మీద పెరుగుద్ది.

ఓవర్‌లోడు గురించి అందరూ తేలిగ్గా మాట్లాడతారు. 2019 సవరణ తర్వాత చట్టంలో దీనికి 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకు 2,000 ఉంది. ఒక్కసారి పట్టుబడితే నెల కష్టం పోయినట్టే, టైర్లు కమాన్లు అదనం. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు తోలడానికి ఉండాల్సిన జీఎస్‌టీ కాగితం) చూడకుండా ఎక్కించుకోకు. సరుకు వాళ్లదే అయినా ఆగిపోయేది నీ బండి.

టోల్ దగ్గర చిన్న లాభాలున్నాయి. ఇరవై నాలుగు గంటల్లో తిరిగొస్తే రెండు టోళ్లు కాదు, ఒకటిన్నరే. నేషనల్ పర్మిట్ లేకుండా, ఆర్‌సీ అడ్రసు గేటున్న జిల్లాలోనే ఉంటే లోకల్ బాడుగ బండికి సగం రేటు. గేటు బోర్డు మీద రాసుంటుంది, ఫాస్టాగ్‌కి ఆ రాయితీ పెట్టించుకోవాలి. చెన్నై లోడు పడితే తడ దాకా సరిపడా డీజిలే పోసుకుని పో, తడ దాటాక తమిళనాడులో లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ, ట్యాంకు అక్కడ నింపు.

కాగితాల విషయం క్లుప్తంగా. బండీ లోడూ కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్సు బండికి పర్మిట్ అక్కర్లేదు, ఆర్‌సీలో చూసుకో. నీది మామూలు ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు అయినా 7,500 కిలోల లోపు రవాణా బండి తోలొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ ఏటా చేయించాలి, ఆ ఖర్చు, నిలిచిపోయే రోజులు లెక్కలో వేసుకో. ఇన్‌కంటాక్సులో అంచనా ఆదాయం పద్ధతి కింద ఇలాంటి చిన్న బండికి నెలకు 7,500 ఆదాయంగా చూపించి రిటర్ను వేస్తే సరిపోతుంది. రెండో బండికి లోను అడిగేటప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది.

మరి తీసుకోవాలా అంటే, ఇప్పుడే వద్దంటా. జీతం మానకుండా, కావలిలో ఖాయంగా లోడు ఇచ్చే రెండు షాపులు, నెల్లూరులో తిరుగు లోడు ఇచ్చే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చూసుకో. అవి కుదిరాక ఆయన దగ్గరికి వెళ్లి ధర తగ్గించమని అడుగు, కిస్తీ పదకొండు, పన్నెండు వేలకి దిగేలా చూడు. పెండింగ్ చలానాలు ఆన్‌లైన్‌లో చూసి, పాత ఫైనాన్స్ ఎన్‌ఓసీ (బాకీ లేదన్న కాగితం) చేతికొచ్చాకే డబ్బు ఇవ్వు. అంతకు ముందు పదివేలు మించి అడ్వాన్సు ఇవ్వకు.