స్కీయింగ్ టూర్ కోసం చిట్టీ ఇప్పుడే ఎత్తాలా?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. నేను ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను, మావారిది మందుల షాపు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగు. పిల్లలకు మంచులో స్కీయింగ్ చూపించాలని, ఒక్కసారైనా ఫైవ్‌స్టార్ హోటల్లో ఉండాలని మా కోరిక. కారులో వెళ్ళొచ్చే దూరమైతే మేలని మావారు అంటున్నారు. ఒక ఏజెంటు మాత్రం కాశ్మీర్‌లోని గుల్మార్గ్ హోటల్‌కు కొటేషన్ పంపారు. 5 లక్షల చిట్టీ ఉంది. నెలకు 20,000 చొప్పున 25 నెలలు. ఈ అక్టోబరుతో 11 నెలలు కట్టాం. వచ్చే నెల పాటలో 95,000 వదులుకుంటే మాకే వచ్చేలా ఉంది. ఆ డబ్బుతో సంక్రాంతి సెలవుల్లో వెళ్ళొచ్చా? బడ్జెట్ నాలుగున్నర లక్షలు. కొటేషన్, మేము వేసుకున్న ఖర్చుల లెక్క దీనితో పంపుతున్నాను. నా జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంది, అది పనికొస్తుందా? స్కీయింగ్‌లో కాలు విరిగితే ఎలా అన్న టెన్షన్ కూడా ఉంది. షాపింగ్ మాల్‌లో మావారికి పాతికేళ్ళ రిసార్ట్ మెంబర్‌షిప్ అంటూ ఒక గిఫ్ట్ కూపన్ ఇచ్చారు, అది తీసుకోవచ్చా?

జవాబు: ముందు మీవారి మాటకు జవాబు చెప్పేస్తాను. బెజవాడ నుంచి కారులో వెళ్ళొచ్చే దూరంలో స్కీయింగ్ లేదు. లంబసింగిని ఆంధ్రా కాశ్మీర్ అంటారు, నిజమే. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దగ్గరికి వస్తుంది. అయితే గడ్డి మీద పేరుకునే ఆ మంచు ఎండ రాగానే పోతుంది. ఆ పేరు నమ్మి స్కీలు పట్టుకెళితే కాఫీ తోటల్లో భుజాన వేసుకుని తిరగాలి. గుల్మార్గ్ రోడ్డు మీద రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. మీ కారు మహా అయితే గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా, టికెట్లు చవగ్గా దొరికితే శంషాబాద్ దాకా పనికొస్తుంది. ఉత్తరాఖండ్‌లో స్కీయింగ్ చేసే ఔలీ పేరు కూడా వినే ఉంటారు. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలీకి వెళ్ళే రోప్‌వే ఆపేశారు. పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నేనైతే గుల్మార్గే చెబుతాను.

ఇక డబ్బు. మీరు పంపిన కొటేషన్‌లో రెండు గదులు, నాలుగు రాత్రులు, గదికి రాత్రికి 28,000. అంటే 2,24,000. కింద చిన్న అక్షరాల్లో 'పన్నులు అదనం' అని ఉంది, అది మీ లెక్కలోకి రాలేదు. రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, అంటే 40,320. హోటల్ ఒక్కదానికే 2,64,320 అయింది. మీరు వేసుకున్న విమానం టికెట్లు 88,000, టాక్సీలు 30,000, స్కీ సామాను అద్దె, ఇన్‌స్ట్రక్టర్ కలిపి 60,000, తిండికి 40,000 కూడితే మొత్తం 4,82,320. చిట్టీ ఎత్తితే చేతికొచ్చేది 4,05,000. మిగతా 77,320 ఎక్కడి నుంచి వస్తుందో మీరు రాయలేదు. క్రెడిట్ కార్డు నుంచే అనుకుంటాను. బిల్లు మొత్తం గడువులోపు కట్టకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ లాగే అప్పు అది.

చిట్టీ సంగతి ఇంకాస్త చూద్దాం, ఎందుకంటే అసలు నష్టం ఇక్కడే ఉంది. చివరిదాకా ఆగితే నిర్వాహకుల కమీషన్ ఒక్కటే తగ్గుతుంది, అది చట్టప్రకారం ఎక్కువలో ఎక్కువ 7 శాతం. మీ చిట్టీకి 35,000. చేతికి 4,65,000 వస్తుంది. ఇప్పుడే పాడితే వచ్చేది 4,05,000. తేడా 60,000. పిల్లల స్కీ క్లాసులకు మీరు వేసుకున్న మొత్తం సరిగ్గా అంతే! వ్యాపారంలో సరుకు కోసమో, ఆసుపత్రి అవసరానికో ముందుగా ఎత్తితే ఆ తేడాకు అర్థం ఉంటుంది. పెట్టిన చోట తిరిగొస్తుంది, లేదా ప్రాణం మీదికొచ్చింది కాబట్టి తప్పదు. టూర్‌కు ఆ రెండూ వర్తించవు. పైగా ముందు ఎత్తేవాళ్ళు జామీనుదార్లను చూపాలి, ఆ కాగితాలన్నీ తేలి చెక్కు చేతికొచ్చేసరికి సంక్రాంతి టికెట్ల ధరలు మీకోసం ఆగవు. టూర్ నుంచి వచ్చాక కూడా నెలనెలా వాయిదాలు కడుతూనే ఉండాలి.

సంక్రాంతి గురించి నాకు ఇంకో అభ్యంతరం ఉంది. డిసెంబరు 21 నుంచి జనవరి 29 దాకా కాశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు, చలి ముదిరే నలభై రోజులు. అప్పుడు మంచు ఖాయం అనుకుంటాం. కానీ 2024 జనవరిలో గుల్మార్గ్ దాదాపు మంచు లేకుండానే గడిచింది. అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు చాలక ఆ ఏడాది వాయిదా పడ్డాయి, 2025లోనూ వాయిదా పడ్డాయి. ప్రభుత్వ పోటీలకే తేదీ మార్చుకోవాల్సి వచ్చిన చోట, ఏజెంటు మీకు ఇచ్చినది నలభై అయిదు రోజుల్లోపు రద్దు చేస్తే పైసా తిరిగిరాని బుకింగ్. మంచు పడుతుందో లేదో నలభై అయిదు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. గది రేటు మీద అయిదు వేలు తగ్గించమని బేరమాడే బదులు, వారం ముందు దాకా రద్దు చేసుకునే వీలున్న రేటు ఎంతో అడగండి. పది శాతం ఎక్కువైనా దానికే నా ఓటు. మంచు విపరీతంగా పడినా చిక్కే. శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి, గుల్మార్గ్ కొండ కింద ఉన్న టంగ్‌మార్గ్ నుంచి పైకి టైర్లకు గొలుసులు కట్టిన బండ్లే వెళతాయి. అందుకని వెనక్కి వచ్చే రోజుకు, ఆఫీసుకు వెళ్ళే రోజుకు మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

సంక్రాంతికే వెళ్ళాలని మీవారు పట్టుబడితే ఒక్క లాభం ఉంది. భోగికి ముందు పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లన్నీ బెజవాడ వైపు వస్తుంటే మీరు ఖాళీ రోడ్డు మీద హైదరాబాద్ వెళతారు. పండగ అయ్యాక తిరిగొచ్చేటప్పుడూ అంతే. పండక్కి ఊరెళ్ళకుండా కాశ్మీర్ వెళ్ళినందుకు రెండు వైపుల బంధువుల నుంచి వినాల్సిన మాటల ఖరీదు మాత్రం నేను లెక్క కట్టలేను.

నా సలహా ఏమిటంటే, ఈ చలికాలం వద్దు, వచ్చే చలికాలం వెళ్ళండి. మీ చిట్టీ వచ్చే ఏడాది డిసెంబరుతో అయిపోతుంది. ఆ తర్వాత ఫిబ్రవరి రెండో వారం పెట్టుకోండి. అప్పటికి అమ్మాయి తొమ్మిదిలో ఉంటుంది, అబ్బాయి అయిదులో. అయిదారు రోజులు బడి మానిపించినా కొంప మునగదు. ఆ పై ఏడాది టెన్త్, ఇక ఆ ఇంట్లో టూర్ అన్న మాట ఎత్తనివ్వరని మీకూ తెలుసు. కాబట్టి ఇంకా వెనక్కి నెట్టకండి.

వెళ్ళినప్పుడు కూడా నాలుగు రాత్రులూ పెద్ద హోటల్ వద్దంటాను. మొదటి రెండు రోజులు కొత్తవాళ్ళు పడటం, లేవడం, స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి ఆగడం నేర్చుకుంటారు. సాయంత్రానికి ఒళ్ళంతా హూనం. వేడి నీళ్ళు, రెండు దుప్పట్లు, అన్నం ఉంటే చాలు, స్పా వైపు కన్నెత్తి కూడా చూడరు. మొదటి మూడు రాత్రులు 7,000 రేటులో రెండు గదులు తీసుకుంటే 42,000, దాని మీద జీఎస్టీ 5 శాతమే, మొత్తం 44,100. చివరి రెండు రాత్రులు మీరు కోరుకున్న హోటల్, పన్నుతో 1,32,160. రెండూ కలిపి 1,76,260. ఒక రాత్రి ఎక్కువ ఉండి కూడా 88,060 తగ్గింది. మొత్తం టూర్ ఇప్పటి ధరల్లో నాలుగు లక్షల లోపు. ఏడాదిలో ధరలు పెరిగినా 4,65,000లో సర్దుకుపోతుంది. ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చవక గదిలోనూ రాత్రంతా పనిచేసే హీటింగ్ ఉందా, కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా అని ఫోన్ చేసి అడగండి. అక్కడ లగ్జరీకి పెట్టే డబ్బులో నిజంగా విలువైన భాగం అదే.

గండోలా, అంటే అక్కడి కేబుల్ కారు టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మొదటి దశ కొంగ్‌డోరి దాకా, రెండోది అఫర్వత్ కొండ మీదికి, సుమారు 3,950 మీటర్ల ఎత్తు. కొత్తవాళ్ళు పైనుంచి స్కీ చేసే చోటు కాదది, చూడటానికి వెళ్ళండి చాలు. గాలి ఎక్కువైతే ఆపేస్తారు కూడా.

మీ జీతంలో ఎల్‌టీఏ ఉందని రాశారు. పాత పన్ను విధానంలో ఉంటేనే దానికి మినహాయింపు, అదీ ప్రయాణం టికెట్లకే. హోటల్‌కు, తిండికి, స్కీ క్లాసులకు రాదు. నాలుగేళ్ళ బ్లాకులో రెండు ప్రయాణాలకు ఇస్తారు. కొత్త విధానంలో ఉంటే దీన్ని మరిచిపోండి. కేవలం దీనికోసం పాత విధానానికి మారకండి.

కాలు విరిగితే ఎలా అన్న మీ టెన్షన్ సబబే. మామూలు ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు ఆ ఆటను వృత్తిగా ఆడేవాళ్ళకు వర్తిస్తుంది, సరదాగా నేర్చుకునేవాళ్ళకు కాదు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు, ట్రావెల్ పాలసీలు మాత్రం చాలావరకు స్కీయింగ్‌ను పక్కన పెడతాయి. విమానం టికెట్‌తో పాటు ఒక టిక్కుతో అంటగట్టే బీమా కొనేముందు అందులో స్కీయింగ్ అన్న మాట ఉందో లేదో చూడండి.

ఈ లోపు పిల్లలు ఊరుకోరంటే డిసెంబరులో కారు తీయండి. విశాఖలో ఒక రాత్రి సముద్రం ఎదురుగా మంచి హోటల్, తర్వాత లంబసింగి, అరకు. నలభై, యాభై వేలలో అయిపోతుంది, మీవారి కోరికా తీరుతుంది. షాపింగ్ మాల్‌లో మీవారికి ఇచ్చిన గిఫ్ట్ కూపన్, పాతికేళ్ళ రిసార్ట్ మెంబర్‌షిప్ అన్నారే, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు ఎంతో, అది ఏటా ఎంత పెరుగుతుందో వాళ్ళు మీకు కాగితం మీద ఇవ్వలేదు. ఇచ్చాక ఆ కాగితం నాకు పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.