అండమాన్‌కి సంక్రాంతి దాటాక వెళ్ళండి

చిట్టితల్లీ,

పెళ్ళి జ్యేష్ఠంలో కుదిరిందని, ఆషాఢం వచ్చేలోపే అండమాన్ వెళ్ళొచ్చేయాలని మీరిద్దరూ అనుకుంటున్నారని మా అక్క, అదే మీ అమ్మ, చెప్పింది. మీ బాబాయి ఉద్యోగం వల్ల చాలా ఏళ్ళు అక్కడ కాపురం ఉన్నదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆ టికెట్లు ఇప్పుడే తీసుకోకండి.

మనకి రోహిణీకార్తె ఎండలు మండిపోతున్నప్పుడే అక్కడ వానలు పట్టుకుంటాయి. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందు తాకేది అండమాన్‌నే, మామూలుగా మే మూడో వారం, కాస్త అటూ ఇటూగా. అక్కడి నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. గాలి లేస్తే ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవలు ఆపేస్తారు. నీళ్ళు కలకబారితే మాస్కు పెట్టుకుని దిగినా చేపలు కనపడవు. రిసార్టు సగం రేటుకే ఇస్తున్నారని ఏజెంటు ఊరిస్తాడు. ఆ సగం రేటు ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది కదా.

పైగా పెళ్ళి, వ్రతం, పదహార్రోజుల పండగ అంటూ అప్పటికే ఇద్దరూ నలిగిపోయి ఉంటారు. అంత అలసటలో ముహూర్తాల మధ్య దొరికిన నాలుగు రోజుల్లో సముద్రం దాటి వెళ్ళి, పడవ రద్దయితే వెనక్కి ఎలా రావాలా అని టెన్షన్ పడటం దేనికి? ఇప్పటికి దగ్గర్లో ఎక్కడైనా రెండు రోజులు ఉండి రండి. ఆషాఢంలో ఎలాగూ నువ్వు అక్క దగ్గరే ఉంటావు, అతను వాళ్ళింట్లో ఉంటాడు. రాత్రిళ్ళు ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ప్రయాణం మొత్తం తీరిగ్గా ప్లాన్ చేసుకోండి. అతనికి ఏమిష్టమో, దేనికి భయపడతాడో, డబ్బు దగ్గర ఎలా ఆలోచిస్తాడో ఆ మాటల్లోనే నీకు తెలుస్తుంది.

కొత్త అల్లుడికి మొదటి సంక్రాంతి మనింట్లోనే. ముక్కనుమ కూడా అయ్యాక బయల్దేరండి. అప్పటికి అక్కడ వానలు తగ్గి, సముద్రం నెమ్మదిస్తుంది. ఇంకో మాట, పెద్దవాళ్ళకి నచ్చదని తెలిసే చెప్తున్నాను. సంక్రాంతి తర్వాత వచ్చే చొల్లంగి అమావాస్యకి మీరు హేవ్‌లాక్ దీవిలో ఉండేలా చూసుకోండి. వెన్నెల లేని రాత్రి అక్కడ కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో తీసుకెళ్తారు. తెడ్డు పడిన చోటల్లా నీళ్ళు నీలంగా వెలుగుతాయి, చెయ్యి ముంచితే వేళ్ళ చుట్టూ మెరుపు చిమ్ముతుంది. నీళ్ళలో కంటికి కనపడని సూక్ష్మజీవుల వెలుగది. ప్రతి రాత్రీ ఒకేలా ఉండదు గానీ, పౌర్ణమి రోజుల్లో వెళ్తే ఆ కాస్తా కనపడదు. అమావాస్యనాడు ప్రయాణం వద్దని మీ అత్తగారంటే, రెండు మూడు రోజులు ముందే మంచి రోజు చూసుకుని బయల్దేరితే సరి.

పేర్ల దగ్గర కంగారు పడకు. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్. టికెట్ మీద ఏ పేరున్నా ఊళ్ళు అవే.

దిగిన రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో పడుకుని, మర్నాడు ఫెర్రీలో హేవ్‌లాక్ వెళ్ళండి. ప్రైవేటు ఫెర్రీ అయితే గంటన్నర, రెండు గంటలు. ఎక్కడానికి ముందే వాంతుల మాత్ర వేసుకో, చిన్నప్పుడు అరకు ఘాట్‌లో నీ అవస్థ నాకు తెలుసు. హేవ్‌లాక్‌లో కనీసం మూడు రాత్రులు, నీల్‌లో రెండు. చివరి రాత్రి మాత్రం తప్పనిసరిగా మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండాలి. పొద్దున నీల్‌లో పడవెక్కి అదే రోజు విమానం అందుకుంటామని ఎవరు చెప్పినా ఒప్పుకోకు. పడవ ఆగితే విమానం ఆగదు. ఆ మిగిలిన పూట సెల్యులార్ జైలు చూడండి. ఏడు విభాగాల్లో ఇప్పుడు నిలిచున్నవి మూడే, అయినా ఆ గదుల ముందు నిలబడితే గుండె బరువెక్కుతుంది.

అక్కడ సూర్యుడు మనకంటే చాలా ముందు ఉదయిస్తాడు, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. గడియారం మాత్రం మనదే. పది గంటలకి లేచి, టిఫిన్ తిని బయల్దేరితే రోజు సగం పోయినట్టే. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కి మూడున్నరకల్లా చేరండి, పొద్దుగూకేది చూడాల్సింది అక్కడే. నీల్‌లో ఆటుపోట్లు కనుక్కుని కదలండి. లక్ష్మణ్‌పూర్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి నడవాలంటే ఆటు సమయం కావాలి. భరత్‌పూర్‌లో నీళ్ళలోకి దిగాలంటే పోటు కావాలి. రోజుకి ఒక్క పని పెట్టుకోండి, చాలు. ప్యాకేజీల వాళ్ళు ఒకే రోజు నాలుగు బీచ్‌లు తిప్పుతారు, అప్పుడు మీకు గుర్తుండేది కారు సీటే.

స్కూబా, అంటే గాలి సిలిండరు పెట్టుకుని నీళ్ళ అడుక్కి దిగడం, చేయాలనుంటే హేవ్‌లాక్‌లోనే చేసేయండి. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్తాడు. ముందు ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు, ఆస్తమా, చెవి నొప్పి లాంటివి ఉంటే దాచకుండా రాయండి. డైవ్ చేశాక ఒక రోజంతా విమానం ఎక్కకూడదు. హేవ్‌లాక్ తర్వాత నీల్ పెట్టుకోమన్నది అందుకు కూడా.

బంగారం సంగతి. నానుతాడు, నల్లపూసలు, గాజులు అన్నీ అక్క బీరువాలో పెట్టి వెళ్ళు. సూత్రాలు పసుపుతాడుకి గుచ్చించుకో, జాకెట్టు లోపలికి వేసి పిన్నీసు పెట్టుకో. ఉంగరం గదిలోనే తీసేయ్. నీళ్ళలో కాసేపుంటే వేళ్ళు సన్నబడి అది దానంతటదే జారుతుంది, ఇసుకలో పడితే ఇక దొరకదు. గవ్వ గానీ పగడపు ముక్క గానీ సంచీలో వేసుకోకు, చట్టం ఒప్పుకోదు, ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీ చేస్తారు.

టికెట్ నీ ఆధార్‌లో ఉన్న పేరుతోనే తియ్యి. ఇంటిపేరు మారింది కదా అని సరదాగా కొత్త పేరు పెట్టావనుకో, కౌంటర్ దగ్గర ఆపేస్తారు. కొంచెం నగదు ఎక్కువ పట్టుకెళ్ళండి. చిన్న దీవుల్లో సిగ్నల్ పోతే ఫోన్‌పే పనిచేయదు.

ఆడదాన్ని కాబట్టి ఇదీ చెప్పాలి. నెలసరి లెక్క చూసుకునే తేదీలు పెట్టుకో. వాయిదా మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకు. పిల్లలు ఎప్పుడు అన్నది మీరిద్దరూ ముందే మాట్లాడుకుని, ఒకసారి గైనకాలజిస్ట్‌ని కలిసి వెళ్ళండి. కొత్తలో యూరిన్ ఇన్ఫెక్షన్ చాలామందికి వస్తుంది. నీళ్ళు బాగా తాగు, కలిసిన తర్వాత వెంటనే బాత్రూమ్‌కి వెళ్ళు, మంటగా ఉంటే సిగ్గుపడి దాచుకోకు. ఒంట్లో బాగోకపోయినా, మనసు లేకపోయినా ఈ రోజు వద్దని అతనితో చెప్పడానికి మొహమాటపడకు.

తిండికి ఇబ్బంది లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో మన శ్రీకాకుళం వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు, బజార్లో తెలుగులోనే బేరమాడొచ్చు. హేవ్‌లాక్‌లో ఎక్కువ బెంగాలీ కుటుంబాలు, వాళ్ళ ఆవపిండి చేపల పులుసు తిని చూడండి.

ముందు ఫెర్రీ టికెట్లు, వాటిని బట్టి రూములు. ఆ వరసలోనే బుక్ చేయండి. అబ్బాయికి ఈత వచ్చో రాదో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.

మీ పిన్ని