టెక్ సందేహాలు: కాలికి వైరు తగిలినా ల్యాప్‌టాప్ పడకుండా ఉండాలంటే?

ప్రశ్న: చిత్తూరులో మాకు గేట్లు, గ్రిల్స్ చేసే అంగడి ఉంది. బిల్లుల ల్యాప్‌టాప్ కౌంటర్ మీదే పెట్టుకుంటాం. వచ్చేపోయే వాళ్ల కాళ్లకు ఛార్జర్ వైరు తగిలి టైప్-సి పోర్టు లూజైంది. ఆన్‌లైన్‌లో 140 వాట్ల మ్యాగ్నెటిక్ అడాప్టర్లు కొన్ని వందలకే దొరుకుతున్నాయి. కొనొచ్చా?

మీ అంగడిలో మాత్రం వద్దు. ఇంకెవరైనా అడిగి ఉంటే కాస్త మెత్తగా చెప్పేవాణ్ణేమో. గ్రైండర్ ఆడేచోట గాలి నిండా ఇనుప రజను ఉంటుంది. ఈ అడాప్టర్‌లో ఒక ముక్క వైరుకు, ఇంకో ముక్క ల్యాప్‌టాప్ పోర్టులో ఉంటుంది; రెండూ అయస్కాంతంతో అతుక్కుంటాయి, వైరు లాగితే ఊడిపోతాయి. వైరు తీసేసినా ఆ రెండో ముక్క పోర్టులోనే ఉండిపోతుంది. దాని బుల్లి బంగారు రంగు పిన్నులు బయటికే ఉంటాయి, చుట్టూ అయస్కాంతం. సాయంత్రానికల్లా అక్కడ నల్లటి నూగు పట్టేస్తుంది. ఊదితే పోదు. బట్టతో తుడిస్తే ఈ పిన్ను మీది రజను పక్క పిన్ను మీదికి జరుగుతుంది, అంతే.

అలా జరిగితే ఏమవుతుందన్నదే అసలు టెన్షన్. టైప్-సి పోర్టులో 24 పిన్నులు రెండు వరుసల్లో, అర మిల్లీమీటరు ఎడంతో ఉంటాయి. ఎన్ని వోల్టులు కావాలో ఛార్జర్‌తో మాట్లాడుకునే పిన్ను, కరెంటు వచ్చే పిన్ను పక్కపక్కనే ఉంటాయి. మొదటిది 5 వోల్టులకు మించి తట్టుకునేలా చేసింది కాదు. 65 వాట్ల ఛార్జర్ రెండోదాంట్లోకి 20 వోల్టులు పంపుతుంది. మధ్యలో ఇనుప రజను చేరితే దెబ్బ మదర్‌బోర్డు మీది చిప్‌కు తగులుతుంది. ఆ రిపేరు ఖర్చు పోర్టు మార్పించే ఖర్చును మించిపోవచ్చు.

రజను లేని ఇంట్లోనైనా ఇంకో చిక్కుంది. మామూలు టైప్-సి ప్లగ్ తిన్నగా దూరి తిన్నగా బయటికొస్తుంది. లాగినప్పుడు మాట్లాడే పిన్నులు ముందు విడిపోతాయి, కరెంటు పిన్నులు ఆఖరున. తీసేస్తున్నారని ఛార్జర్‌కు తెలియడానికే ఈ ఏర్పాటు. మ్యాగ్నెటిక్ ముక్క కాలు తగిలిన వైపు వాలిపోయి ఊడుతుంది, అక్కడ ఈ వరుస నిలవదు. కరెంటు పారుతుండగానే విడిపోతే చిన్న మెరుపులు వస్తాయి, పిన్నులు నల్లబడతాయి, తర్వాత వేడెక్కుతాయి. డబ్బా మీద 140 అని ఎవరైనా ముద్రించుకోవచ్చు. టైప్-సి ప్రమాణంలో ఇలాంటి జోడింపుకు చోటే లేదు.

మరి యాపిల్ వాళ్లది బాగానే పనిచేస్తోంది కదా అంటారు. నిజమే. 2006లో మాగ్‌సేఫ్ అనే అయస్కాంత ఛార్జింగ్ ప్లగ్ తెచ్చారు, 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి తీసేశారు, 2021లో మళ్లీ పెట్టారు. అక్కడ ఛార్జరూ, పిన్నులూ, ల్యాప్‌టాప్‌లోని సర్క్యూటూ ఒకదాని కోసం ఒకటి తయారైనవి. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ల్యాప్‌టాప్‌ల అయస్కాంత ప్లగ్ సర్ఫేస్ కనెక్ట్ కూడా అంతే. పైనుంచి తగిలించిన ముక్కకు ఆ పొందిక ఎక్కడిది?

మీరు చేయాల్సింది చాలా చౌక పని. ప్లగ్ బాక్సు కౌంటర్ వెనక్కి మార్పించండి. మూల తిరిగి ఉండే ఎల్ ఆకారపు కేబుల్ కొని, ల్యాప్‌టాప్ దగ్గర కొంచెం వదులు ఉంచి, కౌంటర్ కాలికి క్లిప్పుతో బిగించండి. ఎవరి కాలు తగిలినా లాగుడు క్లిప్పు మీద పడుతుంది. 60 వాట్లు దాటే ఛార్జరైతే కేబుల్ 5 ఆంపియర్లదా అని చూసి తీసుకోండి. లూజైన పోర్టును మాత్రం ఈ లోపే బాగు చేయించండి.

ప్రశ్న: చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో వెళ్లే లెక్చరర్‌ని. పాఠాలు, పీపీటీలు, మార్కుల ఎంట్రీ, అంతే నా పని. మోయడానికి తేలికైన ల్యాప్‌టాప్ 60 వేలలో చెప్పండి.

మోడల్ పేరు చెబితే మీరు కొనేలోపే అది మారిపోతుంది మేడమ్, అందుకే ఎలా ఎంచుకోవాలో చెబుతాను. ముందు బరువు. డబ్బా మీద 1.4 కిలోలు అని ఉంటుంది, ఛార్జర్ అందులో లెక్కలోకి రాదు. షోరూంలో రెండూ కలిపి చేత్తో ఎత్తి చూడండి. టైప్-సితో ఛార్జ్ అయ్యేది తీసుకుంటే, అరచేతిలో పట్టే 65 వాట్ల గాన్ (గాలియం నైట్రైడ్ వాడి చిన్నగా చేసిన) ఛార్జర్ ఒక్కటే ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ సరిపోతుంది. టైప్-సి పోర్టు చెరో వైపు ఒకటి ఉంటే మరీ మంచిది. ఒకటి లూజైనా రెండోది ఉంటుంది.

14 అంగుళాలు దాటొద్దు. ముందు సీటు వెనక్కి వాలితే 16 అంగుళాలది తెరవడమే కష్టం. తెర వెలుతురు 250 నిట్స్ అని ఉంటే వదిలేయండి. చంద్రగిరి దాటాక కిటికీ ఎండలో అక్షరాలు కనబడాలంటే 400 కావాలి, బడ్జెట్ సాగకపోతే కనీసం 300. ర్యామ్ 16 జీబీ ఉండాల్సిందే. సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే వీలుండదు. ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు.

బ్యాటరీ విషయంలో ‘18 గంటలు’ అనే మాట నమ్మకండి, వాట్-అవర్ అంకె అడగండి. మీ పనికి ల్యాప్‌టాప్ సుమారు 8 వాట్లు లాగుతుందనుకుంటే, 56 వాట్-అవర్ బ్యాటరీ ఏడు గంటలు వస్తుంది. 42 అయితే మధ్యాహ్నం క్లాసు తర్వాత ప్లగ్ వెతుక్కోవాలి.

స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీలో మెరుగే. కానీ అది ఇంటెల్, ఏఎండీల కంటే వేరే రకం చిప్, కాబట్టి కాలేజీలోని పాత ప్రింటర్, మార్కుల సాఫ్ట్‌వేర్ వాటితో పనిచేస్తాయో లేదో కనుక్కోకుండా కొనొద్దు. బడ్జెట్ కాస్త సాగితే 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలే, 2022 మోడల్ నుంచి మాగ్‌సేఫ్ కూడా ఉంది. ఛార్జింగ్ పోర్టులన్నీ ఎడమవైపే ఇవ్వడం నాకు నచ్చదు, అది వేరే సంగతి.

ప్రశ్న: తిరుపతిలో లాడ్జి రిసెప్షన్‌లో గుండ్రటి పిన్ను పాత ల్యాప్‌టాప్ ఉంది. ఛార్జర్ పోయింది. టైప్-సి ఛార్జర్‌కు కన్వర్టర్ పెట్టుకోవచ్చా?

కంపెనీని బట్టి ఉంటుంది. డెల్ వంటి కొన్నింటిలో గుండ్రటి పిన్ను మధ్యలోని సన్నటి సూది ద్వారా ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను గుర్తుపడుతుంది. కన్వర్టర్ నుంచి ఆ గుర్తు అందకపోతే మిషన్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు, వేగం కూడా తగ్గుతుంది. అదే వోల్టేజి, అంతే లేదా అంతకుమించిన వాట్లు ఉన్న కంపెనీ ఛార్జర్ కొనుక్కోండి. అయితే అందులో ఉన్నది విండోస్ 10 అయితే ఒక్కసారి ఆలోచించండి. దాని ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. బస చేసేవాళ్ల ఆధార్ కాపీలు అదే మిషన్‌లో దాస్తున్నారంటే ఛార్జర్ కంటే ముందు మార్చాల్సింది ల్యాప్‌టాప్‌నే.